గత్తర పోయినంక

సిద్దిపేటలో పత్తి వ్యాపారులు కలిసి కట్టించిన ధర్మదవాఖానకు కొత్త డాక్టరు వస్తున్నాడని తెలిసినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది సుమిత్రమ్మ. పాత డాక్టరు పక్షవాతం వచ్చి సొంతూరికి వెళ్లిపోయాక ఎండాకాలమంతా ఆమే నెట్టుకొచ్చింది. ఆమె అక్కడ పెద్ద నర్సు. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే, పుట్టింటి మీద పడి ఉండటం ఇష్టంలేక మిషనువాళ్ల దగ్గర ఈ పని నేర్చుకుంది. నలభై దాటిన ఆమెకు ఇప్పుడు ఆ దవాఖానే ఇల్లు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. మందులు దొరకవు, కిరసనాయిలు దొరకదు. చదువుకున్న డాక్టరు దొరకడం మరీ కష్టం. అలాంటప్పుడు పట్నంలో చదివిన మాణిక్‌రావు హైదరాబాదు వదిలి సిద్దిపేటకు రావడం ఊరికి గొప్పే. ముప్పై ఏళ్లు నిండని మనిషి. వచ్చిన వారంలోనే గోడలకు సున్నం వేయించాడు. మంచాలన్నీ ఎండలో వేయించి నల్లులు దులిపించాడు. కుళ్లిన పరుపులు తగలబెట్టించాడు. సుమిత్రమ్మ లోపల్లోపలే మురిసిపోయింది.

ఆ తర్వాత అతని చూపు పనివాళ్ల మీద పడింది.

పాత డాక్టరుకు ఒక అలవాటుండేది. రోగులను చూడబోయే ముందు వరండాలో చాప పరిపించి, నర్సు మొదలు నీళ్లు మోసే మనిషి దాకా అందరినీ కూర్చోబెట్టేవాడు. తనూ వాళ్ల మధ్యే కూర్చునేవాడు. రాత్రి రోగుల్లో ఎవరికి నిద్ర పట్టలేదు, ఎవరు గటుక ముట్టలేదు, ఎవరిని చూడటానికి ఇంటినుంచి మనిషి రాలేదు అని ఒక్కొక్కరినే అడిగేవాడు. వాళ్లు చెప్పేదంతా పనికొచ్చేదేమీ కాదు. సగం సొంత గోడే ఉండేది. కోడలు కొట్లాడిందని ఒకరు, మేక ఈనిందని ఒకరు. ఆయన అదీ వినేవాడు.

"పొద్దుగాల్నే గీ ముచ్చట్లేంది సుమిత్రమ్మా?" అన్నాడు మాణిక్‌రావు నాలుగైదు రోజులు చూసి. "ఉత్తగ టైము ఖరాబైతుంది. ఆయాలు, నీళ్లోళ్లు ఏమన్న చెప్పేదుంటే నీకు చెప్పాలె. నువ్వు నాకు చెప్పాలె. పద్ధతంటే గట్లుంటది."

"వాళ్లకు అలవాటైంది సాబ్. నాలుగు మాటలు చెప్పుకుంటే మనసు తేలికైతది."

"మనసు తేలిక చేసుకునేటందుకు ఇండ్లున్నయి గదా. ఇది దవాఖాన."

చాప చుట్టి మూలన పెట్టారు. వరండాలో ఇత్తడి గంట వేలాడదీశారు. గంట కొడితే పని మొదలు, మళ్లీ కొడితే బంద్. గంట తర్వాత వచ్చినవాళ్లకు ఆ రోజు గైరుహాజరు. మాణిక్‌రావు దుర్మార్గుడు కాదు. భయం లేకపోతే పని జరగదని అతనికి ఎవరో నేర్పారు, అతను నమ్మాడు. పనివాళ్లు కూడా పెద్దగా గొణగలేదు. ఒక్క కొండవ్వ మాత్రం, "ఇగ మనం గూడ బడిపోరగాండ్లమైనం" అని నవ్వింది. కొండవ్వ, సాయవ్వ ఇద్దరూ ఆడవాళ్ల వార్డులో ఆయాలు. దుబ్బయ్య ఊడ్చి కడిగేవాడు, మోయవలసిన మనుషులను మోసేవాడు. నీళ్ల పని ఇశ్రాయేలుది.

ఇశ్రాయేలు సాయవ్వ తమ్ముడు. వాళ్లది నంగునూరు. సాయవ్వ మగడు బతుకుదెరువుకని భీవండి పోయి మళ్లీ రాలేదు. తమ్ముడికి ఇక్కడ పని దొరికినప్పుడు అక్కను, తల్లి కొమురవ్వను వెంట తెచ్చుకున్నాడు. దవాఖాన వెనక దొడ్లో నీళ్లాయన కోసమని కట్టిన చిన్న గుడిసెలో ముగ్గురూ ఉండేవాళ్లు. ఇశ్రాయేలు కావడి భుజాన వేసుకుని బావికీ దవాఖానకూ మధ్య రోజంతా తిరిగేవాడు. మాట తక్కువ. రోగి చేతికి చెంబు ఇచ్చాక, తాగేదాకా పక్కనే నిలబడి, ఖాళీ చెంబు పట్టుకునే కదిలేవాడు.

శ్రావణం వెళ్లేసరికి గత్తర వచ్చింది, కలరా.

మొదట తొగుట వైపునుంచి ఒక బండి వచ్చింది. బండిలో తల్లీ బిడ్డా. కక్కుకుంటూ, పారుకుంటూ, కళ్లు గుంటలు పడి ఉన్నారు. వాళ్లను దింపుతుండగానే ఇంకో బండి. మూడో రోజుకు మంచాలు నిండి, వరండాలో గోనెసంచులు పరిచి పడుకోబెట్టారు. ఊళ్లో ఉన్నవాళ్లు సగం మంది మూటలు కట్టుకుని చేన్లలోకి వెళ్లిపోయారు. బజారు మూతపడింది.

మాణిక్‌రావు పనివాళ్లందరినీ దొడ్లోకి పిలిపించాడు. "ఎవలన్న పారిపోయిన్రంటే మళ్ల ఈ గడప తొక్కనియ్య. యాదుంచుకోన్రి" అన్నాడు. అతనూ భయపడుతున్నాడని సుమిత్రమ్మ గమనించింది. అతను గత్తరను పుస్తకాల్లోనే చూశాడు.

మరునాడు పొద్దున వంట మనిషి లేడు. మందులు కలిపే కాంపౌండరు కూడా లేడు.

ఆ పొద్దున సుమిత్రమ్మ ఎవరినీ అడగకుండా చాప తెచ్చి వరండా చివర పరిచింది. సాయవ్వను, కొండవ్వను, దుబ్బయ్యను, ఇశ్రాయేలును కూర్చోబెట్టింది. "భయమైతుందా?" అని అడిగింది.

"కాదా మరి?" అన్నాడు దుబ్బయ్య.

"నాక్కూడ అయితుంది" అంది సుమిత్రమ్మ. "పోతమంటే పోన్రి. నేనేమనుకోను. ఉంటమంటే ఎవలు ఏ పని చూడాలెనో ఇప్పుడే అనుకుందాం."

సాయవ్వ, "అవ్వను ఊరికి తోలిస్తె చాలమ్మా. ముసలిది. మేమిద్దరం ఉంటం" అంది. కొండవ్వ నిట్టూర్చి కొంగు బిగించింది. అప్పుడే మాణిక్‌రావు గదిలోంచి బయటికొచ్చాడు. చాప చూశాడు. సుమిత్రమ్మ మాట పడటానికి సిద్ధపడింది. అతనివి రాత్రంతా నిలబడి ఉన్న కాళ్లు. చాప అంచున కూలబడి, "ఆ తొగుట పిల్ల ఎట్లుంది?" అన్నాడు.

"నీళ్లు ఆగుతున్నయి సాబ్" అంది సాయవ్వ. "తల్లికే ఆగుతలేవు."

కొమురవ్వను ఆ మధ్యాహ్నమే నంగునూరు పంపించారు. ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో ఎవరికీ గుర్తులేదు. ఇశ్రాయేలు బావుల్లో ఎర్రమందు వేసి వచ్చి, నీళ్లు కాచి, చల్లార్చి, ఉప్పు కలిపి మంచాల మధ్య తిరిగేవాడు. దుబ్బయ్య చచ్చినవాళ్లను మోసుకుపోయేవాడు. వంట మనిషి లేడు కనుక కొండవ్వ కాచిన జావే అందరికీ తిండి. మాణిక్‌రావు కూడా ముంతతో అదే తాగేవాడు. అతను బాగా పనిచేశాడు, ఆ మాట కాదనడానికి లేదు. సూది గుచ్చడానికి నరం దొరకని వాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని గంటలకొద్దీ ప్రయత్నించేవాడు. వాంతి కోటు మీద పడితే విదిలించుకుని మళ్లీ వంగేవాడు. "సాయవ్వా, జర దీపం పట్టు" అని, "ఇశ్రాయేలూ, గీయనకింకో చెంబు" అని పేర్లు పెట్టి పిలిచేవాడు. ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఎవరు గంటకు ముందు పోయారో ఆ రోజుల్లో ఎవరూ చూడలేదు. అసలు ఎవరూ ఇంటికి పోలేదు.

గత్తర తగ్గుముఖం పట్టింది అనుకుంటున్నప్పుడు ఇశ్రాయేలు కావడి దించి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లేవలేకపోయాడు.

మాణిక్‌రావు తన గదిలో ఉన్న మంచమే బయటికి తెప్పించి అతన్ని పడుకోబెట్టాడు. ఉన్న సెలైను ఎక్కించాడు. సాయవ్వ వార్డుకూ వరండాకూ మధ్య పరుగెత్తింది. లోపల ఇద్దరు ఆడవాళ్లు ప్రాణాల మీద ఉన్నారు. "నువ్వు లోపల చూడు, నేనున్న ఈడ" అన్నాడు డాక్టరు. అన్నట్టే కదలకుండా కూర్చున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు ఇశ్రాయేలు పోయాడు. సాయవ్వ వచ్చి చూసేసరికి డాక్టరు అతని చెయ్యి ఇంకా పట్టుకునే ఉన్నాడు.

ఏ బండివాడూ ఆ శవాన్ని నంగునూరు తీసుకుపోవడానికి ఒప్పుకోలేదు. దుబ్బయ్య ఎక్కడినుంచో ఎడ్లు లేని బండి తెచ్చాడు. అతనూ సాయవ్వా కాడి పట్టి లాగుకుంటూ పోయారు. ఆమె ఇక రాదనుకున్నాడు మాణిక్‌రావు. మట్టిచేసిన మరునాడే వచ్చి చీపురు పట్టింది.

"ఎందుకచ్చినవ్ సాయవ్వా? కొన్ని దినాలు ఉండకపోయినవా?"

"ఉండి ఏం జెయ్యాలె సాబ్? ఈడ మంచాల మీద మనుషులున్నరు గదా."

అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. సుమిత్రమ్మ చూసింది. ఇక ఈ దవాఖాన వేరుగా ఉంటుందని ఆ క్షణం ఆమె గట్టిగా నమ్మింది.

దసరా ముందు ఊరు మళ్లీ కళకళలాడింది. దవాఖాన పెద్ద రాజమల్లయ్య సేటు, డాక్టరుకు సన్మానం చేయాలని తలచాడు. దవాఖాన ముందు షామియానా వేశారు. తహసీల్దారు వచ్చాడు. కుర్చీలు ఊళ్లో పెద్దవాళ్ల ఇళ్లనుంచి తెచ్చారు. సుమిత్రమ్మకు కూడా చివరి వరసలో ఒక కుర్చీ ఇచ్చారు. సాయవ్వ, కొండవ్వ, దుబ్బయ్య ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చి ఒక పక్కన నిలబడ్డారు. సేటు మనిషి వాళ్ల దగ్గరికి వచ్చి, "పెద్దలు తినేదాంక మీరు ఎనక దొడ్లె ఉండున్రి. తర్వాత మీకు గూడ పెడ్తం" అన్నాడు.

సుమిత్రమ్మ లేచి డాక్టరు దగ్గరికి వెళ్లింది. "సాబ్, వాళ్లను ఎనకకు పొమ్మన్నరు. మీరొక్క మాట చెప్పున్రి" అంది. మాణిక్‌రావు తహసీల్దారుకు ఏదో జవాబిస్తున్నాడు. "సేటు చేసిన ఇంతెజాం సుమిత్రమ్మా, మనం మధ్యల మాట్లాడితె బాగుండదు" అన్నాడు మెల్లగా.

"అయితె ఇశ్రాయేలు పేరన్న చెప్పున్రి."

"చెప్త, చెప్త."

శాలువా కప్పారు. పూలదండ వేశారు. మాణిక్‌రావు లేచి మాట్లాడాడు. సేటు దయను పొగిడాడు, తహసీల్దారు సాయం తలుచుకున్నాడు, ఊరి ప్రజల ధైర్యాన్ని మెచ్చుకున్నాడు. చప్పట్లు మోగాయి. అతను కూర్చున్నాడు. పేరు చెప్పడం మరిచిపోయాడు. చెప్పకూడదని కాదు. నలుగురి ముందు మాట్లాడటం అతనికి కొత్త, మరిచిపోయాడు.

గోడ వెనక నిలబడ్డ ముగ్గురికీ ప్రతి మాటా వినిపించింది. తర్వాత విస్తర్లు వేసినప్పుడు దుబ్బయ్య, కొండవ్వ తిన్నారు. సాయవ్వ ఆకలి లేదంది.

మరునాడు గంట మోగింది. చాప ఎవరూ పరవలేదు. సుమిత్రమ్మ పరుద్దామనుకుంది. కానీ డాక్టరు అప్పటికే మొదటి మంచం దగ్గరికి నడుస్తున్నాడు.

కొమురవ్వ నంగునూరు నుంచి మళ్లీ గుడిసెకు వచ్చింది. అక్కడ కొడుకు కావడి గోడకు ఆనించే ఉంది. ముసలామె రోజూ పొద్దున డాక్టరు గది ముందుకు వచ్చి నిలబడేది. గది ముందు కొత్తగా పెట్టిన జవాను, "ఏం గావాలె? సాబ్ కామ్‌ల ఉన్నరు, పో" అని తరిమేవాడు. ఒకసారి మాణిక్‌రావే చూసి, "గుడిసె సంగతి సుమిత్రమ్మతోని మాట్లాడుకో అవ్వా" అని లోపలికి వెళ్లిపోయాడు. ఎందుకంటే అప్పటికే గుడిసె మాట వచ్చింది. కొత్త నీళ్లాయనను పెట్టుకోవాలి, అతనికి గుడిసె ఇవ్వాలి. అది సేటు పెట్టిన నియమం.

"ఆమె బిడ్డ ఇంక మన దగ్గరే పనిచేస్తుంది గదా సాబ్" అంది సుమిత్రమ్మ.

"సాయవ్వ ఆయా. ఆయాలకు గుడిసె లేదు. రేపు కొండవ్వ అడుగుతది, ఎల్లుండి ఇంకొగలు అడుగుతరు. రూలు నేను రాసింది కాదు." కొంచెం ఆగి అన్నాడు. "కావాలంటే జీతం జర పెంచుదాం సాయవ్వకు. సేటుతోని నేను మాట్లాడుత."

ఆ మాట చెప్పడం సుమిత్రమ్మ వంతైంది. సాయవ్వ అప్పుడు ఒక బాలింత కింద పక్కబట్ట మారుస్తోంది. విన్నది. బట్ట మార్చడం పూర్తి చేసింది. "గంతేనా అమ్మా?" అని మాత్రం అడిగింది.

"అంతే సాయవ్వా. నేను చెప్పి చూసిన."

"నువ్వు చెప్పినవని నాకెర్కె."

ఆ వారం సాయవ్వ తన పని ఎక్కడా తగ్గించలేదు. శనివారం సాయంత్రం గిన్నెలన్నీ తోమి బోర్లించింది. ఆదివారం పొద్దున గుడిసె ఖాళీగా ఉంది. తల్లీ కూతుళ్లు నెత్తిన మూటలతో నంగునూరు తోవలో ఉన్నారని దుబ్బయ్య చెబితే, సుమిత్రమ్మ వెంటపడి వెళ్లి ఊరి చివర కలుసుకుంది.

"నాతోని ఒక్క మాటన్న చెప్పకుంట పోతవా?"

సాయవ్వ మూట దించలేదు. "చెప్తె నువ్వు ఆపుతవు. నువ్వు ఆపితె నేను ఆగుత. అందుకే చెప్పలే."

"గత్తరల పోలేదు గదనే. ఇప్పుడేమైందని?"

"గత్తరల మనం అందరం ఒక్కటే ఉంటిమి అమ్మా" అంది సాయవ్వ. కొమురవ్వ చెయ్యి పట్టుకుని నడిచింది.

తర్వాత నెలలోపే కొండవ్వ వెళ్లిపోయింది. కూతురు కాన్పుకని చెప్పింది, అది అబద్ధమని అందరికీ తెలుసు. దుబ్బయ్య ఏ కారణమూ చెప్పలేదు. ఒకరోజు రాలేదు, అంతే. సేటు జీతం పెంచి కొత్తవాళ్లను పెట్టాడు. జీతం చూసి వచ్చారు. కొందరు పదిహేను రోజులుండి పోయారు, కొందరు నెల. ఉన్నవాళ్లు గంట కొట్టగానే వచ్చేవాళ్లు, గంట కొట్టగానే పోయేవాళ్లు. చెప్పిన పని చేసేవాళ్లు. చెప్పనిది ఎదురుగా కనిపించినా చేసేవాళ్లు కాదు. సుమిత్రమ్మ ఒక్కతే ముగ్గురి పని చేసి, రాత్రి కాళ్లు వాచి పడుకునేది. తనకూ వెళ్లిపోవాలనిపించింది. మిషనువాళ్లకు కబురు పంపితే చేర్చుకుంటారు. కబురు పంపాలని రెండుసార్లు అనుకుంది.

పుష్యమాసంలో బాలనర్సయ్య అనే నేతగాడిని తీసుకొచ్చారు. ముసలివాడు. రొమ్ములో నెమ్ము చేరి ఊపిరాడటం లేదు. బతకడం కష్టమని మాణిక్‌రావు ఇంటివాళ్లకు ముందే చెప్పాడు. ఒక మధ్యాహ్నం సుమిత్రమ్మ పక్క వీధిలో కాన్పుకు వెళ్లింది. తిరిగి వచ్చి డాక్టరుతోపాటు మగవాళ్ల వార్డులోకి వెళ్లేసరికి బాలనర్సయ్య సగం మంచం మీద, సగం నేలమీద పడి ఉన్నాడు. చెయ్యి నీళ్ల చెంబు వైపు చాచి ఉంది. ఒళ్లు చల్లబడింది. పక్క మంచం రోగి చెప్పాడు. "జాముసేపు పిలిచిండయ్యా. నాకు లేవరాలె. నేను గూడ పిలిచిన."

కొత్తగా పెట్టిన మనిషి బయట మెట్ల మీద చుట్ట కాలుస్తున్నాడు. మాణిక్‌రావు అతని మీదికి దూసుకుపోయాడు. "వినవడలేదారా నీకు?"

"వినవడ్డది సాబ్" అన్నాడు అతను బెదిరిపోయి. "కని గంట కొట్టిన్రు గదా. మల్ల గంట కొట్టేదాంక నాది పని కాదని మీరే చెప్పిన్రు."

మాణిక్‌రావు ఎత్తిన చెయ్యి దించేశాడు. ఆ మనిషిని తిట్టలేదు, తీసేయలేదు. లోపలికి వచ్చి, బాలనర్సయ్యను తనే మంచం మీదికి ఎత్తి కళ్లు మూశాడు.

సాయంత్రం సుమిత్రమ్మను పిలిచాడు. "ఒక్కటి చెప్పు సుమిత్రమ్మా" అన్నాడు. "చావు నెత్తిమీదున్నప్పుడు ఎవలూ పోలె. ఇప్పుడు రోగం లేదు, జీతం ఎక్కువున్నది, ఎవలూ ఉంటలేరు. ఏందిది? నాకు సమజైతలేదు."

సుమిత్రమ్మకు ఆ రోజు భయం లేదు. వెళ్లిపోవాలనుకున్న మనిషికి భయమెందుకు? "అప్పుడు మీరు వాళ్లను అడిగేటోళ్లు సాబ్. పేరు పెట్టి పిలిచేటోళ్లు. ఇది మా దవాఖాన అనుకున్నరు వాళ్లు. సభనాడు ఎనక దొడ్లె నిలవెట్టిన్రు. చచ్చినోని పేరు ఒక్కలు తియ్యలె. వాని అవ్వను గుడిసెల నుంచి ఎల్లగొట్టిన్రు. మాది కాదని వాళ్లకు తెలిసింది. మాది కానిదానికి ఎవలుంటరు సాబ్, కూలికి ఉంటరు. కూలికున్నోడు గంట చూస్తడు."

మాణిక్‌రావు తల దించుకుని విన్నాడు. "నేను పేరు చెప్పలేదా?" అన్నాడు. నిజంగానే అతనికి గుర్తులేదు.

"చెప్పలేదు."

రెండు రోజుల తర్వాత ఇద్దరూ ఎడ్లబండిలో నంగునూరు వెళ్లారు. సాయవ్వ ఎవరి చేనులోనో పత్తి ఏరుతోంది. వాళ్లను చూసి గట్టుకు వచ్చింది. ఒడినిండా పత్తి ఉంది. ముఖం నల్లబడింది, కానీ సుమిత్రమ్మను చూడగానే విప్పారింది.

"సాయవ్వా, మళ్ల రావాలె నువ్వు" అన్నాడు మాణిక్‌రావు. "గుడిసె సంగతి నేను సేటుతోని కొట్లాడుత. సభనాడు తప్పైంది. నాదే."

సాయవ్వ ఒడిలో పత్తిని సర్దుకుంది. "కోపంతోని పోలేదు సాబ్ నేను. కోపమైతే నాలుగు దినాలకు పోతుండె."

"మరి?"

"గాడ వాడు కావడి దించిన జాగ ఉన్నది. దినాం దాని మీదికెల్లే నడవాలె. వాని మాట ఒక్కలు అనుకుంటున్నా నడుద్దును. ఎవలూ అనకపాయె. ఒక్కదాన్నే మోసుడు నాతోని గాలె." కొంచెం ఆగి, "అవ్వ ఇంటికాడ ఉన్నది. పోయి చూసి పోన్రి. మీరొచ్చిన్రంటే సంబురపడ్తది" అంది.

కొమురవ్వ గుమ్మంలో కూర్చుని చింతకాయలు దంచుతోంది. డాక్టరును గుర్తుపట్టి లేవబోయింది. అతను వద్దని ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాడు. ఆమె అంతకుముందే అడిగేసింది.

"కొడుకా, మా ఇశ్రాయేలు పానం పోంగ నువ్వే ఉంటివట గదా పక్కపొంటి. ఏమన్నడు బిడ్డా? నన్నడిగిండా?"

మాణిక్‌రావు ఆమె దగ్గరికి జరిగాడు.

"గది అడుగుదామనే నీ గది కాడికి దినాం వస్తుంటి. గా జవాను రానియ్యలె. నువ్వేమో గుడిసె ముచ్చట అనుకున్నవు. గుడిసెదేముంది బిడ్డా? ఎక్కడన్న పండుకుంటం."

సుమిత్రమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. ఆ ముసలామె అన్ని రోజులు అక్కడ నిలబడింది ఇందుకని ఆమెకు కూడా తెలియదు. తనూ అడగలేదు.

"అడిగిండవ్వా" అన్నాడు మాణిక్‌రావు. "అవ్వ మంచిగున్నదా అని అడిగిండు. నంగునూర్ల గత్తర లేదు, మంచిగున్నదని చెప్పిన. తర్వాత నీళ్లడిగిండు."

"ఇచ్చినవా?"

"ఇచ్చిన. రెండు గుక్కలు మింగిండు. ఇగ పోలె లోపటికి."

"నీ చేత్తోనే ఇచ్చినవా?"

"నా చేత్తోనే."

కొమురవ్వ కొంగుతో ముఖం కప్పుకుంది. కొడుకు పోయిన తర్వాత ఆమె బిగ్గరగా ఏడవడం సాయవ్వ చూడలేదట. ఆ రోజు ఏడ్చింది. మాణిక్‌రావు లేవలేదు. ఆమె ఏడుపు ఆగేదాకా అక్కడే కూర్చున్నాడు. తర్వాత ఆమె అడిగినవన్నీ చెప్పాడు. ఏ పూట పడ్డాడు, ఎంత నొప్పి పడ్డాడు, ఎవరు మోశారు, అన్నీ.

చీకటి పడ్డాక బండి సిద్దిపేట చేరింది.

మాణిక్‌రావు సేటుతో కొట్లాడాడు. తాను శాలువా కప్పిన మనిషే తనతో ఇలా మాట్లాడతాడని రాజమల్లయ్య ఊహించలేదు. పని చేస్తూ చచ్చినవాడి ఇంటివాళ్లను గుడిసెలోంచి పంపకూడదని, కొత్తవాడికి వేరే గుడిసె వేయాలని, కాదంటే తాను హైదరాబాదు పోతానని చెప్పేశాడు. సేటు నెల రోజులు నానబెట్టి, పక్కన ఇంకో గుడిసె వేయించాడు. గంట తీయలేదు. అది లేకపోతే మందుల వేళలు తప్పుతాయని సుమిత్రమ్మే ఉంచమంది. కానీ పొద్దున చాప మళ్లీ పరిచారు. దుబ్బయ్య తిరిగి వచ్చాడు. కొండవ్వ ఉగాది తర్వాత వచ్చింది. కూతురి కాన్పు ఎలా జరిగిందని ఎవరూ అడగలేదు.

సాయవ్వ రాలేదు. తల్లి బతికినంతకాలం నంగునూరులోనే కూలి చేసింది, తల్లి పోయాక కూడా అక్కడే ఉండిపోయింది. ఏడాదికోసారి సుమిత్రమ్మ వెళ్లి ఒక పూట ఉండి వచ్చేది. ఇద్దరూ ఇశ్రాయేలు సమాధి దగ్గర కూర్చునేవాళ్లు. మళ్లీ పనికి రమ్మని సుమిత్రమ్మ ఎప్పుడూ అడగలేదు. అలాంటి మనిషి మళ్లీ ఆ వార్డుకు దొరకలేదు.

ఎండలు ముదిరాక అక్కన్నపేటనుంచి రాజనర్సు అనే మనిషి నీళ్ల పనికి వచ్చాడు. మాణిక్‌రావు అతన్ని కూర్చోమన్నాడు. ఇంట్లో ఎవరెవరున్నారు, తల్లి ఎక్కడుంటుంది, ఏ వాడ, ఇంటి పక్కన ఎవరు అని ఒక్కొక్కటే అడుగుతుంటే రాజనర్సుకు అనుమానమొచ్చింది.

"నీళ్లు మోసుటానికి ఇవన్ని ఎందుకు సాబ్?"

"నీకేమన్న అయితె ఎవలకు చెప్పాలెనో నాకెర్కుండాలె" అన్నాడు మాణిక్‌రావు. "నేనే పోయి చెప్పాలె గదా."

రాజనర్సు సుమిత్రమ్మ వైపు చూశాడు. ఆమె అతన్ని బావి చూపించడానికి తీసుకుపోయింది.